ముఖం కనపడని చోట రంగు లెక్క ఎందుకు?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో వికీపీడియా గురించి రాస్తూ, దాంట్లో రాసేవాళ్ళలో నల్లజాతివాళ్ళు చాలా తక్కువని ఒక వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యం మీదే ఈసారి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. తిరుపతిలో కాలేజీ లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయ్యాక సాయంత్రాలు తెలుగు వికీపీడియాలో కూర్చోవడం నాకు అలవాటైపోయింది. మనసుకు దగ్గరి విషయం కాబట్టి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను. పేర్లు వేయొద్దని కొందరు కోరారు, అందుకని అందరివీ ఊళ్ళ పేర్లు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: మేడమ్ గారూ, మావాడు అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్నాడు. ఫిబ్రవరిలో ఒక శనివారం ఫోన్ చేస్తే లైబ్రరీలో ఉన్నానన్నాడు. నల్లజాతి చరిత్ర మాసమట, పదిమంది కలిసి కూర్చుని నల్లవాళ్ళ గురించి వికీపీడియాలో వ్యాసాలు రాస్తున్నారట. నాకు ఒకటి అర్థం కాలేదు. వికీపీడియాలో ఎవరైనా రాయొచ్చు. ముఖం చూపించక్కర్లేదు, అసలు పేరు కూడా చెప్పక్కర్లేదు. ఎవర్నీ ఆపని చోట ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని రంగు లెక్క ఎందుకు?
– ఒక తండ్రి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: మీరన్నది నిజమేనండీ. ఖాతా తెరిచేటప్పుడు మీ రంగేమిటి, జాతేమిటి అని వికీపీడియా ఎవర్నీ అడగదు. కాకపోతే ఎవర్నీ ఆపకపోవడం వేరు, అందరూ రాగలగడం వేరు.

ముందు లెక్క చెబుతాను. వికీపీడియాను నిర్వహించే వికీమీడియా ఫౌండేషన్ ఎడిటర్లను, అంటే అందులో రాసేవాళ్ళను, దిద్దేవాళ్ళను సర్వే చేస్తుంటుంది. ఇష్టమున్నవాళ్ళు జవాబిస్తారు. 2021లో వచ్చిన నివేదిక ప్రకారం, అమెరికాలో ఉన్న ఎడిటర్లలో తాము నల్లజాతివాళ్ళమని చెప్పినవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. ఆ దేశ జనాభాలో వాళ్ళు సుమారు 13 శాతం. హిస్పానిక్ మూలాలున్నవాళ్ళు, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ళు, జనాభాలో 18 శాతం దాకా ఉంటే ఎడిటర్లలో 5 శాతం. ఇక ఆఫ్రికా సంగతి. ప్రపంచ జనాభాలో 17 శాతం మంది అక్కడ బతుకుతున్నారు. ఎడిటర్లలో అక్కడివాళ్ళు ఒకటిన్నర శాతం. ఆఫ్రికా ఖండం మొత్తం నుంచి జరిగే దిద్దుబాట్ల కన్నా ఒక్క నెదర్లాండ్స్ నుంచి జరిగేవే ఎక్కువని ఆక్స్‌ఫర్డ్ ఇంటర్నెట్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన మార్క్ గ్రాహం బృందం అంతకు ముందే చెప్పింది. 2001 జనవరిలో మొదలైన వికీపీడియా ఇరవై ఏళ్ళు నడిచాక కూడా పరిస్థితి ఇదీ.

ఇది జీతం లేని పని. తీరిక ఉండాలి, కంప్యూటర్ ఉండాలి, రేపటి ఖర్చుల గురించి టెన్షన్ లేని సాయంత్రం ఉండాలి. నేను పనిచేసిన లైబ్రరీ తలుపులు కూడా అందరికీ తెరిచే ఉండేవి. సాయంత్రం ఐదు దాటాక రీడింగ్ రూములో కనపడేది మాత్రం టౌన్‌లో ఇళ్ళున్న పిల్లలే. పాకాల, చంద్రగిరి పక్క పల్లెల పిల్లలు అప్పటికే బస్టాండులో ఉండేవాళ్ళు. వాళ్ళకు చదువు మీద ఆసక్తి లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

ఆఫ్రికాలో ఇంకో చిక్కు ఉంది. అక్కడ నెట్ అంటే ఎక్కువమందికి మొబైల్ నెట్టే. నెట్‌లో ఒక కనెక్షన్‌ను గుర్తుపట్టే నంబరును ఐపీ చిరునామా అంటారు. మొబైల్ కంపెనీలు ఒకే ఐపీ చిరునామాను వేలమందికి పంచుతాయి. ఎవడో ఒకడు వికీపీడియాలో బూతులు రాశాడని ఆ చిరునామాను బ్లాక్ చేస్తే, దాని వెనకున్న అందరికీ దారి మూసుకుపోతుంది. నైజీరియాలోనో ఘనాలోనో ఒక టీచర్ తన ఊరి గురించి ఒక వాక్యం రాద్దామని కూర్చుంటే తెర మీద కనపడేది 'మీరు నిరోధంలో ఉన్నారు' అన్న నోటీసు. తను ఏం చేసిందో ఆమెకు తెలియదు. మళ్ళీ ఎందుకు ప్రయత్నిస్తుంది?

ఇవన్నీ దాటి లోపలికి వచ్చాక ఉండే సంగతి వేరు. వికీపీడియాలో తగవు తీర్చడానికి పెద్దమనిషి ఎవరూ ఉండరు. ప్రతి వ్యాసానికీ జతగా ఉండే చర్చ పేజీలో వాదించుకుని ఒక మాటకు రావాలి. ఏ పదం వాడాలి, ఏ సంఘటన మొదటి పేరాలోకి రావాలి, ఎవరి మీద వ్యాసం ఉండాలి, ఇవన్నీ అక్కడే తేలతాయి. ఆ చర్చలో ఉన్నవాళ్ళంతా ఒకే రకం జీవితం చూసినవాళ్ళయితే, ఎవరికీ చెడు ఉద్దేశం లేకపోయినా కొన్ని ప్రశ్నలు వాళ్ళకు తట్టనే తట్టవు.

క్లారిస్ ఫెల్ప్స్ అనే నల్లజాతి రసాయన శాస్త్రవేత్త విషయం చూడండి. ఆమె టెనెస్సీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్ నేషనల్ ల్యాబొరేటరీలో పనిచేశారు. పీరియాడిక్ టేబుల్‌లో 117వ మూలకం పేరు టెనెస్సిన్. దాన్ని సృష్టించడానికి బెర్కీలియం కావాలి. ఆ బెర్కీలియంను శుద్ధి చేసిన బృందంలో ఫెల్ప్స్ ఉన్నారు. 2018లో బ్రిటన్‌కు చెందిన భౌతిక శాస్త్రవేత్త జెస్ వేడ్ ఆమె మీద ఇంగ్లిష్ వికీపీడియాలో వ్యాసం రాశారు. 2019లో దాన్ని తొలగించారు. ఆమె గురించి పత్రికల్లో, పుస్తకాల్లో తగినంత రాలేదన్నది కారణం. బోలెడు వాదోపవాదాలు నడిచాక 2020లో వ్యాసం తిరిగి వచ్చింది. తొలగించినవాళ్ళు రంగు చూసి తొలగించారని నేను అనను. వాళ్ళు రూలు చూశారు. ఆ రూలు నిలబడేది అచ్చులో వచ్చినదాని మీద. అచ్చులో ఎవరి గురించి వచ్చింది, ఎవర్ని వదిలేశారు అన్నదాంట్లో మాత్రం రంగు ఉంది. ఎప్పటిదో ఒక అన్యాయం, ఇవాళ ఎవరూ కొత్తగా తప్పు చేయకుండానే, కొత్త విజ్ఞాన సర్వస్వంలోకి వచ్చి కూర్చుంటుంది. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

అందుకే మీ అబ్బాయి వెళ్ళినలాంటి కూటములు పెడుతున్నారు. న్యూయార్క్‌లో 2015లో ఆఫ్రోక్రౌడ్ అనే బృందం మొదలైంది. నల్లజాతివాళ్ళను పిలిచి, పక్కన కూర్చుని మొదటి దిద్దుబాటు చేయించడం వాళ్ళ పని. బ్లాక్ లంచ్ టేబుల్ అని ఇంకొకటి ఉంది. వాళ్ళు నల్లజాతి కళాకారుల మీద వ్యాసాలు రాయిస్తారు, ఆ కళాకారుల ఫొటోలు తీసి ఎవరైనా వాడుకునేలా వికీమీడియా కామన్స్ అనే ఫొటోల, వీడియోల భండారంలో పెడతారు. రాయడం వచ్చినవాళ్ళు రానివాళ్ళ పక్కన కూర్చుంటే తప్ప ఈ లెక్క మారదని నా నమ్మకం.

మీవాడు చేసింది మంచి పనండీ. ఈసారి మాట్లాడినప్పుడు ఏ వ్యాసం మీద కూర్చున్నాడో అడిగి తెలుసుకోండి. ఆ పేజీ తెరిచి పైన ఉన్న చరిత్ర ట్యాబ్ నొక్కితే ఎవరు ఏ రోజు ఏం చేర్చారో, ఏం తీసేశారో వరుసగా వస్తుంది. అందులో మీవాడి వాడుకరి పేరు కూడా ఉంటుంది.

ప్రశ్న: అమెరికాలో నల్లవాళ్ళు, తెల్లవాళ్ళ గొడవ మన పత్రికలో ఎందుకండీ? మన సమస్యలు మనకు చాలవా?
– ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: మీ ఇంట్లో పిల్లలు స్కూలు ప్రాజెక్టు చేసేటప్పుడు ముందు ఏం తెరుస్తారో చూడండి. గూగుల్‌లో ఒక మనిషి పేరు కొడితే పక్కన పెట్టెలో వచ్చే నాలుగు ముక్కలు చాలాసార్లు వికీపీడియావే. ఇప్పుడు అడిగిందానికల్లా జవాబు చెప్పే ఏఐ ప్రోగ్రాములు కూడా ఆ వ్యాసాలు చదివే నేర్చుకున్నాయి. అక్కడ ఎవరు లేరో, వాళ్ళు మదనపల్లె పిల్లల పాఠంలో కూడా లేనట్టే. మన సమస్యల సంగతి అంటారా, కింద ఇంకో రెండు ఉత్తరాలున్నాయి, చదవండి.

ప్రశ్న: అయితే నల్లవాళ్ళ గురించి నల్లవాళ్ళే రాయాలా? వేరేవాళ్ళు రాస్తే తప్పా?
– ఒక గృహిణి, పలమనేరు

జవాబు: తప్పు కానే కాదమ్మా. పైన చెప్పిన జెస్ వేడ్ తెల్లజాతి ఆవిడే. ఎవరూ పట్టించుకోని స్త్రీ శాస్త్రవేత్తల మీద, నల్లజాతి శాస్త్రవేత్తల మీద ఓపిగ్గా వందల వ్యాసాలు రాశారు. అలాంటివాళ్ళకు చేతులెత్తి దండం పెట్టాలి. కానీ ఒక సమాజం గురించి రాసేవాళ్ళంతా బయటివాళ్ళే అయితే, రాసిందాంట్లో పొరపాటు దొర్లినా ఇది ఇలా కాదు అని చెప్పేవాళ్ళు ఉండరు. రాయడం కన్నా ఆ దిద్దేవాళ్ళు లేకపోవడమే పెద్ద లోటు.

ప్రశ్న: మేడమ్, నేను తిరుపతిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మా తాత పంబ వాయిస్తాడు. గంగమ్మ జాతరల్లో అమ్మవారి కథ పాడటం మా ఇళ్ళల్లో తరతరాలుగా వస్తున్న పని. ఒక ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో మా కళ గురించి రెండు ముక్కలే ఉంటే, రాత్రిపూట ఫోన్‌లో కూర్చుని చాలా రాశాను. పొద్దున లేచి చూస్తే ఒక్క లైను లేదు. 'మూలాలు లేవు' అని రాసి మొత్తం తీసేశారు. మా తాత కన్నా పెద్ద మూలం ఎవరు మేడమ్? మీరు అమెరికాలో నల్లవాళ్ళ గురించి రాస్తే నాకు ఇదే గుర్తొచ్చింది. ఇంక రాయబుద్ధి కావడం లేదు.
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: తల్లీ, ఈ పక్షం వచ్చిన ఉత్తరాల్లో నీదే నన్ను నిలవనివ్వలేదు. ఎక్కడ రాశావో నువ్వు చెప్పలేదు, ఎక్కడైనా పద్ధతి దాదాపు ఇదే కాబట్టి చెబుతున్నాను విను.

నువ్వు రాసింది పోలేదు. పేజీ చరిత్రలోకి వెళ్ళి నీ వాడుకరి పేరు ఎదురుగా ఉన్న తేదీ మీద నొక్కు. నువ్వు రాసిన రూపం మొత్తం అక్కడే ఉంటుంది. దాన్ని కాపీ చేసుకుని నీ ప్రయోగశాల పేజీలో, అంటే చిత్తుప్రతి రాసుకోవడానికి ప్రతి వాడుకరికీ ఉండే పేజీలో పెట్టుకో. అక్కడ తీరిగ్గా పని చేసుకోవచ్చు.

ఇక తాత సంగతి. అచ్చయినదే మూలం అన్న పట్టుదల మీద చాలాకాలంగా వాదన నడుస్తోంది. అందులో మన దక్షిణాదివాళ్ళ పాత్ర పెద్దది. బెంగళూరుకు చెందిన అచల్ ప్రభల 2011లో మన దేశంలోనూ దక్షిణాఫ్రికాలోనూ పల్లెలు తిరిగి, పెద్దవాళ్ళ నోటి మాటలు రికార్డు చేసి, ఆ రికార్డింగులనే వ్యాసాలకు మూలాలుగా చూపించే ప్రయత్నం చేశారు. కేరళలో వీధివీధినా పిల్లలు ఆడే డబ్బా కళి అనే ఆట మీద వ్యాసం రాద్దామంటే అచ్చులో ఆధారం దొరకని పరిస్థితి. ఆ ఆట ఆడినవాళ్ళు లక్షల్లో ఉన్నారు, దాని గురించి పుస్తకం రాసినవాళ్ళు లేరు. ఆ ప్రయత్నం రూలుగా మారలేదు. కానీ ప్రశ్న మాత్రం బలంగా నిలబడింది. 2016లో మొదలైన 'హూజ్ నాలెడ్జ్' అనే బృందాన్ని స్థాపించినవాళ్ళలో అనసూయ సేన్‌గుప్తా ఒకరు. ఆమె కూడా బెంగళూరు మనిషే. ప్రపంచంలో ఎక్కువమంది జ్ఞానం ఈ విజ్ఞాన సర్వస్వాల్లో లేదని ఆ బృందం దేశదేశాల్లో గొంతెత్తి చెబుతోంది. నల్లజాతివాళ్ళతో, ఆదివాసులతో, దళిత బృందాలతో కలిసి పనిచేస్తోంది. 2015లో మొదలై ప్రతి ఏప్రిల్‌లో జరిగే దళిత చరిత్ర మాసంలో కూడా కలిసి కూర్చుని వికీపీడియా వ్యాసాలు రాసే పని నడిచింది. నీకు అమెరికా సంగతి చదివి నీ సంగతి గుర్తొచ్చిందంటే అందులో వింతేమీ లేదు. అక్కడ రంగు చేసిన పని ఇక్కడ కులం చేసింది. చదువు, తీరిక, అచ్చు యంత్రం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ కళలు పుస్తకాలయ్యాయి.

రూలును మార్చమని అడుగుతూనే ఉండాలి. ఈలోగా ఆ రూలుతోనే గెలవొచ్చు. అమెరికాలో చేసింది అదే. తెల్లవాళ్ళ పత్రికలు వదిలేసిన మనుషుల గురించి 1905లో మొదలైన చికాగో డిఫెండర్ లాంటి నల్లజాతి పత్రికలు రాశాయి. ఆ పాత సంచికలను స్కాన్ చేసి అందుబాటులోకి తెచ్చాక వాటిని మూలాలుగా చూపి ఎన్నో వ్యాసాలు రాశారు. నీకూ వెతికే చోట్లున్నాయి. ఎస్వీ యూనివర్సిటీ లైబ్రరీలో తెలుగు శాఖ పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలు అడుగు. జానపద కళల మీద పనిచేసినవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు. కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయంలో జానపద, గిరిజన అధ్యయనాలకు ప్రత్యేకంగా శాఖే ఉంది. మన తిరుపతి గంగమ్మ జాతర మీద అమెరికాలో అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు ఒకావిడ ఏళ్ళ తరబడి ఇక్కడికి వచ్చిపోతూ, వేషాలు కట్టేవాళ్ళతో మాట్లాడి, 2013లో ఇంగ్లిష్‌లో పుస్తకం ప్రచురించారు. గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంట దగ్గర పుట్టి పెరిగినవాళ్ళు చెబితే చెల్లని మాట, అట్లాంటా నుంచి వచ్చినావిడ పుస్తకంలో వస్తే చెల్లుతుంది. ఇది నాకూ మింగుడుపడదు. అయినా ఆ పుస్తకం తెచ్చి చదువు. ఆమె శ్రద్ధగా పనిచేసింది. అందులో నీకు పనికొచ్చే పేజీ నంబర్లు ఉంటాయి.

నువ్వు రాసిందాంట్లో ప్రతి వాక్యానికీ మూలం దొరకదు. దొరికిన వాక్యాలు ముందు పెట్టు. మిగతావి చర్చ పేజీలో రాసి, ఇవి మా ఇంటి నుంచి తెలిసినవి, వీటికి ఆధారం ఎవరికైనా కనపడితే చేర్చండి అని అడుగు. తీసేసినతన్ని కూడా అక్కడే పలకరించు. గొడవ పడక్కర్లేదు, నువ్వెవరో, ఎందుకు రాశావో చెప్పు. అవతలివాళ్ళకు తెర మీద కనపడింది ఒక కొత్త వాడుకరి, మూలాలు లేని నాలుగు పేరాలు, అంతే. పంబ పట్టుకున్న ఇంటి పిల్ల కనపడలేదు.

ఇంకొక్క పని నువ్వు తప్ప ఎవరూ చేయలేరు. సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు తాతను కూర్చోబెట్టి పంబ వాయింపు రికార్డు చెయ్. జాతరలో కాదు, అక్కడ మైకుల గోల ఉంటుంది. ఇంటి వెనకాల, ఫ్యాన్ ఆపేసి, ఫోన్‌ను వాద్యానికి మరీ దగ్గర పెట్టకుండా తియ్యి. ముందు ఒక్కో దరువు విడిగా, దాని పేరు ఆయన నోటితోనే చెప్పించి, తర్వాత మొత్తం కలిపి. చేతి వేళ్ళు, పుల్ల పట్టుకునే తీరు కనపడేలా ఒక వీడియో. కామన్స్‌లో పెడితే ఎవరైనా ఎక్కడైనా వాడుకోవచ్చని, తర్వాత వెనక్కి తీసుకోవడం కుదరదని ఆయనకు విడమరిచి చెప్పి, సరేనన్నాకే పెట్టు. అమ్మవారి ముందు మాత్రమే పాడాల్సింది ఏదైనా ఉంటే అది పెట్టొద్దు, ఆయన మాటే చివరి మాట. ధ్వనికీ వీడియోకీ అచ్చులో మూలం ఎవరూ అడగరు. వ్యాసం పక్కన అది ఉంటే చదివేవాళ్ళు వింటారు కూడా.

రాయడం మానొద్దు తల్లీ. నువ్వు మానేస్తే ఆ పేజీ మళ్ళీ రెండు ముక్కలకే వస్తుంది.

ప్రశ్న: నమస్కారం మేడమ్. సూళ్ళూరుపేట దగ్గర హైస్కూల్లో టీచర్‌ని. మా బడిలో యానాది పిల్లలు ఎక్కువ. శ్రీహరికోట అంటే అందరికీ రాకెట్లే తెలుసు. రాకెట్లకు ముందు నుంచీ ఆ దీవిలో ఉన్న వీళ్ళ తాతల గురించి పిల్లల చేతే ఏమైనా రాయించవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: తప్పకుండా రాయించవచ్చు మాస్టారూ. మొదలుపెట్టడానికి మాత్రం వికీపీడియా వద్దు, మ్యాపుతో మొదలుపెట్టండి.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని ఒకటుంది. 2004లో మొదలైంది, వికీపీడియాలాగే జనం కలిసి తయారుచేసేది. అక్కడ పుస్తకం చూపించమని ఎవరూ అడగరు. ఆ చోట ఉన్నవాడు తన కళ్ళతో చూసిందే ఆధారం. మీ పిల్లలు తమ కాలనీ పేరు, బడికొచ్చే దారి, బోరింగు, గుడి, పులికాట్ ఒడ్డున పడవలు ఆపే చోటు గుర్తించవచ్చు. శాటిలైట్ బొమ్మలో ఇళ్ళ కప్పులు కనపడతాయి, కాలనీ పేరు కనపడదు. ఆ పేరు పెట్టగలిగింది మీ పిల్లలే. ఒక పిల్ల తన వీధి పేరు మ్యాపులో చూసుకుంటే ఆ తర్వాత ఏం చేద్దాం సార్ అని తనే అడుగుతుంది.

తర్వాత వికీపీడియాకు రండి. యానాదుల మీద అచ్చులో ఉన్నది తక్కువేమీ కాదు. ఇంగ్లిష్ దొరల కాలం నాటి రాతలున్నాయి, వాళ్ళ కోసం జీవితమంతా పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య గారి రచనలున్నాయి. దొరల రాతలు జాగ్రత్తగా చదివించండి. మనుషులను కొలతలు కొలిచి, ఫలానా జాతి స్వభావం ఇదీ అని తీర్పు చెప్పిన వాక్యాలు వాటిలో బోలెడు. తొమ్మిదో తరగతి పిల్ల తన వాళ్ళ గురించి అలాంటి వాక్యం మొదటిసారి ఒంటరిగా చదవకూడదు. మీరు పక్కన ఉండండి. వాటిని ఇవాళ్టి నిజంలా కాక, ఫలానా ఏడాది ఫలానావాళ్ళు ఇలా రాశారు అని చెప్పడం ఎలాగో నేర్పండి.

పిల్లల అసలు పేర్లు, ముఖాలు ఎక్కడా పెట్టొద్దు. వాడుకరి పేరుగా చెట్టు పేరో చేప పేరో పెట్టుకోమనండి. తల్లిదండ్రులకు ముందుగా చెప్పండి. చేపలవి, వలలవి, మందు మొక్కలవి ఫొటోలు తీయిస్తే వాటికి మీ ఊళ్ళో వాడే పేరు తప్పకుండా రాయించండి. ఏ మొక్కతో ఏ జబ్బుకు వైద్యం చేస్తారో ఆ కుటుంబాలు బయట పెట్టొద్దంటే బలవంతం చేయొద్దు.

ఒక ఇబ్బంది ముందే చెబుతున్నాను. ఒకే నెట్ కనెక్షన్ నుంచి రోజుకు ఆరు ఖాతాలకు మించి తెరవనివ్వరు. క్లాసంతా కూర్చున్నాక ఏడో పిల్లవాడి దగ్గర ఆగిపోతుంది, ఆ రోజు ఉత్సాహమంతా చల్లారిపోతుంది. కాబట్టి ఖాతాలు వారం ముందే కొద్దికొద్దిగా తెరిపించండి. తెవికీలో, అంటే తెలుగు వికీపీడియాలో, రచ్చబండ అనే పేజీ ఉంది, అక్కడ ఫలానా రోజు మా బడి పిల్లలు రాయబోతున్నారు, కొత్తవాళ్ళు, కాస్త చూసుకోండి అని రాసి పెట్టండి. తెవికీ వార్షికోత్సవాలు 2015లో మన తిరుపతిలో జరిగాయి. సాయం చేసే అలవాటున్న మనుషులు అక్కడ ఉన్నారు, నిర్వాహకులు ఎవరో ఒకరు పలుకుతారు. తేదీ ఖాయం కాగానే ఈ పత్రిక చిరునామాకు ఒక కార్డు రాయండి. తిరుపతి నుంచి సూళ్ళూరుపేట బస్సెక్కి నేనూ వచ్చి పిల్లల పక్కన కూర్చుంటాను.